ఒరెస్ట్ దగ్గర ఏ బండీ చావదు

ఒరెస్ట్ హ్నాటియుక్ లెక్కలో బండి అనేది చావదు. కాలవలో పడి మూడురోజులు నానినా సరే, నిప్పంటుకుని చట్రమొక్కటే మిగిలినా సరే, ఆయన దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, అరచెయ్యి ఆనించి, "ఏమైందని దీనికి? ఎడమ అద్దం నిక్షేపంలా ఉంది" అంటాడు. ఆ పైన ఆ అద్దం విప్పి ఇంటికి పట్టుకొస్తాడు.

ఆ ఇల్లు స్టెఫ్కాది కూడా. నలభై ఆరేళ్ల నుంచి ఆవిడదే. గ్యారేజీ కట్టించినప్పుడు రెండు కార్లు పట్టేలా కట్టించారు. ఇప్పుడందులో చచ్చిపోని బండ్ల తలుపులు, సీట్లు, రేడియేటర్లు, దీపాలు ఉంటాయి. స్టెఫ్కా కారు బయట ఉంటుంది. పదకొండు చలికాలాలుగా బయటే ఉంటోంది. కెనడాలో, అందులోనూ మానిటోబాలో చలికాలమంటే ఊరికే కాదు. ఆవిడ వృద్ధాశ్రమం వంటింట్లో వారానికి మూడు రోజులు పనిచేస్తుంది, ఆరింటికల్లా అక్కడ గంజి పొయ్యి మీద ఉండాలి. అంటే ఐదుంపావుకి వాకిట్లో నిలబడి, కారు అద్దం మీద వేలెడు మందాన గడ్డకట్టిన మంచుని గోకాలి. వేళ్ల కణుపులు వాచిపోయాయి. డాక్టరు చేతులకి చలి తగలనివ్వొద్దన్నాడు. "మా ఆయనకి చెప్పండి" అంది స్టెఫ్కా.

ఇక డబ్బాల సంగతి. వాళ్లుండే జోరియా ఊళ్లో ఎవరింట్లోనూ నాలుగు లీటర్ల ఐస్‌క్రీమ్ డబ్బాని పారెయ్యరు. ఐస్‌క్రీమ్ తినేశాక దాంట్లో పెరోగీలు, అంటే బంగాళదుంప కూరిన కుడుములు, పెట్టి ఫ్రీజర్లో దాస్తారు, సూప్ పోసి పక్కింటికి పంపిస్తారు. స్టెఫ్కా ఇంట్లో మాత్రం డబ్బా మూత తీయాలంటే గుండె చిక్కబట్టుకోవాలి. ఓ ఈస్టర్ నాడు చర్చి ఫాదర్ భోజనానికొచ్చాడు. అన్నం కూరిన క్యాబేజీ పొట్లాలనుకుని స్టెఫ్కా ఆయన ముందుకు తోసిన డబ్బాలో గ్రీజులో మునిగిన చక్రాల బేరింగులున్నాయి. ఫాదర్ మర్యాదస్తుడు, గరిటె పట్టుకుని కాసేపు చూశాడు.

"మా ఆవిడ చేతివంట కాదు ఫాదర్, నావే" అన్నాడు ఒరెస్ట్.

ప్రతి డబ్బా మీదా పేపరు టేపు ముక్క, దాని మీద పెన్సిలుతో ఏదో రాత ఉంటుంది. స్టెఫ్కా ఎప్పుడూ చదవలేదు. ఏ బండి నుంచి ఊడబెరికాడో ఆ బండి పాత యజమాని పేరు రాసుకుంటాడు కాబోలు అనుకునేది. గ్యారేజీలో ఆ చివరి గోడ వైపు అడుగు పెట్టనని ఆవిడ ఏనాడో ఒట్టు పెట్టుకుంది, నిలబెట్టుకుంది కూడా.

ఒరెస్ట్‌కి ఇంకో అలవాటుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ చర్చి కింద హాల్లో కాఫీ తాగుతుంటే ఈయన బయట కార్ల మధ్య నిలబడతాడు. చేతులు జేబుల్లో, తల ఒక పక్కకి వాల్చి. ఎవరైనా కారు స్టార్ట్ చేస్తే కళ్లు మూసుకుంటాడు. నలుగురితో మాట్లాడే ఓపిక లేక తప్పించుకుంటున్నాడని స్టెఫ్కా అనుమానం.

"ఏమయ్యా, ఏం వింటున్నావ్ అక్కడ?"

"జెన్యా కారు దగ్గుతోంది."

"జెన్యా కూడా దగ్గుతోంది. ఆవిణ్ణడిగావా ఎలా ఉందని?"

"ఆవిడకి మందుంది. కారుకి లేదు."

ఈ వినడమే ఆయన కొంప ముంచింది. సెప్టెంబరు చివర్లో దగ్గరి పట్నం డాఫిన్ నుంచి తమ వ్యానులో ఒక్కడే వస్తున్నాడు. ఎక్కడో సన్నగా గరగరమంటోంది. ముందు చక్రమా, వెనక చక్రమా? అద్దం దించి, తల బయటపెట్టి, చెవి గాలికిచ్చి వింటూ బండి నడిపాడు. అవతలి వైపు నుంచి జింక వచ్చింది. జింక లేచి దులుపుకుని పొలాల్లోకి పోయింది గాని వ్యాను ముందుభాగం అప్పడమైపోయింది. ఎవరి ట్రాక్టరో తాడు కట్టి ఇంటిదాకా ఈడ్చుకొచ్చింది.

స్టెఫ్కా గుండెలు బాదుకుంటూ వాకిట్లోకి పరిగెత్తింది. ఒరెస్ట్ దిగి టోపీ సరిచేసుకున్నాడు.

"జింక బాగానే ఉంది. ఆ గరగర కూడా పోయింది."

తలుపులూ సీట్లూ ఒకదాని మీదొకటి ఎత్తి పేర్చి, జాగా చేసి, వ్యానుని గ్యారేజీలోకి నెట్టించాడు. అప్పటిదాకా అందులో మిగిలిన కాస్త ఖాళీ కూడా పోయింది.

మర్నాడు బీమా ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "బాగు చేయించడం దండగండీ. బండి మాకిచ్చేస్తే మేమే మనిషిని పంపి తుక్కు యార్డుకి తీసుకుపోతాం. లేదూ, మీరే ఉంచుకుని విప్పుకుంటామంటే మీ ఇష్టం, కాకపోతే మీ చేతికొచ్చేది తగ్గుతుంది. వచ్చే శుక్రవారంలోగా ఏదో ఒకటి చెప్పండి. ఇచ్చేసేట్టయితే మాత్రం ఒక్క బోల్టు కూడా విప్పకండి, విప్పిన బండి మేం తీసుకోం."

"ఒక్క బోల్టు కూడా విప్పొద్దట" అని స్టెఫ్కా మొగుడికి చెప్పింది.

ఒరెస్ట్ కిటికీలోంచి బయటికి చూశాడు. "బోల్టులేం విప్పలేదు" అన్నాడు.

ఆ వారమంతా ఆ ఇంట్లో ఒకటే మాట. ఒరెస్ట్ లెక్క ప్రకారం ఆ వ్యానులో ముక్కూ మొహం తప్ప అన్నీ బతికే ఉన్నాయి. ఇంజను బంగారం, గేర్‌బాక్స్ బంగారం. మనమే విప్పి అమ్ముకుంటే మూడింతలొస్తుంది.

"పదకొండేళ్లలో నువ్వు అమ్మింది ఒక్కటి చెప్పు" అంది స్టెఫ్కా.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "గుస్తావ్‌కి వైపరు."

"అది ఊరికే ఇచ్చావు."

"అమ్ముదామనే పట్టుకెళ్లాను."

స్టెఫ్కా కుర్చీలో కూలబడింది. అరవడానికి కూడా ఓపిక ఉండాలిగా. "చూడు ఒరెస్ట్. నాకు అరవై తొమ్మిది. వచ్చే ఏడు ఈ చేతులు ఈమాత్రం కూడా పనిచెయ్యవు. శుక్రవారం ఆ వ్యాను పోవాలి. దాని జాగాలో నా కారు ఉండాలి. ఒక్క చలికాలం. ఒక్కటంటే ఒక్కటి, పొద్దున్నే పొడి కారెక్కి పనికి పోవాలని ఉంది నాకు."

ఆయన టోపీ తీసుకుని గ్యారేజీలోకి పోయాడు.

మంగళవారం ఎవరో ఒకాయన వచ్చాడు, గ్యారేజీ తలుపు తెరిచి ఉంటే రోడ్డు మీంచి వ్యానుని చూశాట్ట. పక్కకి జారే తలుపు కావాలన్నాడు. ఇస్తామంటే నగదు ఇప్పుడే ఇస్తానని పర్సు తీశాడు. స్టెఫ్కా వంటింటి కిటికీ దగ్గర ఊపిరి బిగబట్టి వింటోంది.

"ఆ తలుపు కుదరదు. అది వేరేవాళ్లది" అన్నాడు ఒరెస్ట్.

"వ్యాను మీదే కదండీ?"

"వ్యాను నాదే."

ఆ మనిషి బుర్ర గోక్కుంటూ వెళ్లిపోయాడు. స్టెఫ్కా గుమ్మంలోకొచ్చింది. "మన వ్యానుకి వేరేవాళ్ల తలుపెలా వచ్చిందయ్యా?"

"తర్వాత చెప్తాలే" అన్నాడు. ఆ తర్వాత అనేది రాదని ఆవిడకి నలభై ఆరేళ్లుగా తెలుసు.

గురువారం పొద్దున్న వింత జరిగింది. ఒరెస్ట్ రొట్టె ముక్క కాఫీలో ముంచుతూ, "సరే, పంపించెయ్" అన్నాడు. అనేసి టోపీ పెట్టుకుని ఊళ్లోకి పోయాడు. స్టెఫ్కాకి సంతోషం రాలేదు, నీరసం వచ్చింది. ఇన్నేళ్లు తోస్తున్న తలుపు ఉన్నట్టుండి తెరుచుకుంటే మనిషి ముందుకు పడుతుంది కదా. అలా ఉంది ఆవిడకి.

వ్యాను వెళ్లేలోగా అందులో తన గొడుగూ, కళ్లజోడూ తీసుకుందామని గ్యారేజీలోకి వెళ్లింది. డ్రైవరు సీట్లో కూర్చుని చూస్తే, స్టీరింగు కింద పలక ఊడి వేలాడుతోంది. దాని వెనక రంగురంగుల వైర్లు, కొసలు నీటుగా కోసి ఉన్నాయి. ఏదో ఒకటి అక్కడ నుంచి మాయమైంది.

"ఓరి దేవుడా, విప్పేశాడు" అనుకుంది. బీమావాళ్లొచ్చి చూసి బండి తీసుకోకపోతే? ఆ మాయమైనదేదో వెతికి మళ్లీ పెట్టించాలి. ఒట్టు తీసి గట్టున పెట్టి, చివరి గోడ వైపు నడిచింది.

అప్పుడు చూసింది, వ్యాను ఒంటి మీద పేపరు టేపు ముక్కల్ని. ఒక్క బోల్టూ విప్పలేదు గాని పంపకాలైపోయాయి. వెనక దీపం మీద 'గుస్తావ్'. బ్యాటరీ మీద 'ఫాదర్'. జారే తలుపు మీద 'డార్లీన్'.

డార్లీన్‌ని స్టెఫ్కా పనికెళ్లిన ప్రతిరోజూ చూస్తుంది. ఆశ్రమంలో కిడ్నీ జబ్బున్న ముసలివాళ్లని తన వ్యానులో ఎక్కించుకుని డాఫిన్ ఆస్పత్రికి తీసుకెళ్లే పిల్ల. ఆ వ్యాను తలుపు వసంతకాలంలోనే విరిగింది, తాడుతో కట్టి నడుపుతోంది. ముసలివాళ్లు ముందు సీటు మీంచి పాక్కుంటూ వెనక్కి పోతారు. "కొత్త తలుపు కొనాలి పిన్నీ, వచ్చే నెల కొంటా" అని ప్రతి నెలా అంటుంది.

స్టెఫ్కా గోడ దగ్గరి డబ్బాలు ఒక్కొక్కటే తిప్పి చదివింది. పాత యజమానులు కాదు. అందరూ బతికున్నవాళ్లే, అందరూ ఆదివారం చర్చికొచ్చేవాళ్లే. 'జెన్యా, నీళ్ల పంపు, జనవరిలో పోతుంది.' 'పీటర్, బ్రేకులు, వినిపించుకోడు, మళ్లీ చెప్పాలి.' 'టీచరమ్మ, హీటరు ఫ్యాను, రెండో పాప పుట్టేలోగా.' పదకొండేళ్లుగా ఈయన చర్చి బయట చేసింది ఇదన్నమాట. ఎవరి బండి ఎప్పుడు ఆగుతుందో ముందే విని, ఆగే రోజుకి ముక్క సిద్ధంగా పెట్టుకుంటున్నాడు. అందుకే ఎవరికీ ఏదీ అమ్మడు. అన్నీ ఎవరివో.

చిట్టచివర, అన్నిటికన్నా కొత్త డబ్బా. వెనిల్లా. టేపు మీద 'స్టెఫ్కా', కింద జింక గుద్దిన నాటి తారీఖు. మూత తీసింది. చేతిలో పట్టేంత నల్లపెట్టె, దాని వైర్లు, ఒక బుల్లి రిమోటు. వ్యానుది. ఇంట్లో కిటికీ దగ్గర నిలబడి నొక్కితే బయట బండి దానంతటదే స్టార్టయి, హీటరు వేసుకుని, అద్దం మీద మంచు కరిగించుకుంటుంది.

ఒరెస్ట్ తిరిగొచ్చేసరికి ఆవిడ బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది, డబ్బా ఒళ్లో పెట్టుకుని.

"బోల్టులు విప్పొద్దన్నారు. అవి వైర్లు" అన్నాడు, గుమ్మంలోంచే.

"విప్పిన బండి తీసుకోరు కదా. మరి పంపించెయ్ అన్నావు?"

"వాళ్లు రిమోటు గురించి అడగరనుకున్నా. మిగతావి పోతే పోనీ అనుకున్నా. నీకు జాగా కావాలిగా." తలుపు మీద డార్లీన్ పేరు వైపు ఒకసారి చూసి, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇన్నేళ్లూ నా కారుకి ఇలాంటిదొకటి ఎందుకు పెట్టలేదు?"

"రెండోది దొరకలేదు."

"కొత్తది కొనొచ్చుగా?"

"కొత్తదా?" అన్నాడు ఒరెస్ట్. ఆ మాట ఆయన ఎప్పుడూ విననట్టే ఉంది.

స్టెఫ్కా ఏడవాలో నవ్వాలో తెలియక ముక్కు చీదింది. ఈయనతో ఏం వేగుతాం అనుకుంది. లోపలికి వెళ్లి బీమా అమ్మాయికి ఫోన్ చేసి, "ఉంచుకుంటామమ్మా. మేమే విప్పుకుంటాం" అని చెప్పింది. ఫోన్ పెట్టేసి మొగుడి వైపు తిరిగింది.

"ఒక షరతు. ఆ పేర్లున్నవన్నీ పేర్లవాళ్లకి చేరెయ్. మంచు పడేలోగా గ్యారేజీ ఖాళీ అవ్వాలి."

"ఎలా అవుతుంది? డార్లీన్‌ది రేపే పెట్టేస్తా. మిగతావాళ్ల బండ్లు ఇంకా పాడవ్వలేదుగా" అన్నాడు ఒరెస్ట్, అమాయకంగా.

శుక్రవారం డార్లీన్ వచ్చి తలుపు పెట్టించుకుని పోయింది. డబ్బులివ్వబోతే ఒరెస్ట్, "మీ పిన్నినడుగు, వ్యాపారమంతా ఆవిడదే" అన్నాడు. పిన్ని ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బా ఉంటే తెచ్చివ్వమంది.

డిసెంబరు మొదటి వారంలో చలి సున్నాకి ముప్ఫై డిగ్రీల కిందకి దిగింది. గ్యారేజీ ఎప్పటిలాగే నిండుగా ఉంది. ఐదుంపావుకి స్టెఫ్కా కోటు వేసుకుని, కాఫీ చేత్తో పట్టుకుని, వంటింటి కిటికీ దగ్గర నిలబడి రిమోటు నొక్కింది. బయట చీకట్లో కారు ఒకసారి మూలిగి, మేలుకుంది. అద్దం మీద తెల్లటి మంచు అంచుల నుంచి కరగడం మొదలైంది. ఆవిడ చేతులు వెచ్చగా ఉన్నాయి. కాఫీ ఆఖరి గుక్క దాకా తాగింది.

అప్పుడు చూసింది, కారు పక్కన పైజమా మీద కోటు, కాళ్లకి బూట్లు, తల ఒక పక్కకి వాల్చి నిలబడ్డ మనిషిని. కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి మంచు దులుపుకుంటూ లోపలికొచ్చాడు.

"నీ బెల్టు కీచుమంటోంది. మార్చి దాకా వస్తుంది" అన్నాడు.

స్టెఫ్కా ఫ్రిజ్‌లోంచి ఒక ఐస్‌క్రీమ్ డబ్బా తీసింది, మూత తీసి అనుమానంగా లోపలికి చూసింది, పెరోగీలే. వాటిని గిన్నెలోకి వంపి, డబ్బా కడిగి, తుడిచి, పెన్సిలుతో సహా ఆయన ముందు పెట్టింది.

"ఇందా, రాసుకో" అని చెప్పి, పొడి కారెక్కి పనికి పోయింది.