బండ కింద కమ్మ

రిటైరైన తర్వాత నాకు పట్టిన పిచ్చి మెటల్ డిటెక్టరు. ఎవరో పెరట్లో పాత నాణేలు తవ్వి తీయడం ఫోనులో చూసి, నేనూ ఒకటి తెప్పించుకున్నాను. వడమాలపేటలో మా ఇల్లు తాతల నాటిది, నాలుగు రాగి కాసులైనా దొరక్కపోతాయా అని ఆశ. వారం రోజులు పెరడంతా కుళ్లబొడిస్తే దొరికినవి మేకులు, సోడా మూతలు, ఒకే ఒక్క చిల్లికాణీ. "ఏమండీ, లంకెబిందెలు యాడిదాకా వచ్చినాయి?" అని వంటింట్లోంచి మా ఆవిడ ఎగతాళి. ఒళ్లు మండి ఇంకా లోతుగా తవ్వాను.

ఎనిమిదో రోజు బట్టలుతికే బండ దగ్గర డిటెక్టరు కుయ్యిమంది. బండను పక్కకు దొర్లించి జానెడు తవ్వితే, పూడిపోయిన పాత కాలువ మట్టిలో మా అమ్మ ఏడురాళ్ల కమ్మ. కడిగి చూస్తే రాళ్లన్నీ ఉన్నాయి. ఆ బురదలోనే కూలబడ్డాను. సంతోషంతో కాదు.

అది పోయినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. అమ్మ తలంటుకుని వచ్చేసరికి ఒక చెవి బోసిగా ఉంది. ఇల్లంతా వెతికి, చివరికి మా ఇంట్లో అంట్లు తోమే అక్క మీద పడ్డాం. తను తీయలేదని ఆమె మొత్తుకుంది. "అట్లయితే కాణిపాకంలో ప్రమాణం చెయ్యి" అన్నాడు నాయన. మా వైపు ఆ మాట వచ్చాక ఇక తిరుగులేదు. అక్కడి వినాయకుడి ముందు అబద్ధమాడితే వదలడని అందరి నమ్మకం. అక్క జంకలేదు. తడిబట్టలతో నిలబడి, "నేను తీసుంటే నా సంసారం కూలిపోనీ సామీ" అంది. నేను పక్కనే ఉన్నాను. నాయన చల్లబడ్డాడు, ఆమె మళ్లీ పనిలోకి వచ్చింది. అంతటితో పోయేదే.

రెండు నెలలకు ఆమె మొగుడు చింతకాయలు దులుపుతూ చెట్టు మీంచి పడ్డాడు, నడుం విరిగింది. టీ అంగడి దగ్గర నలుగురిలో నేను, పెద్ద తెలిసినవాడిలా, "సూసినారా, దొంగ ప్రమాణం చేస్తే సామి ఊరికే వదుల్తాడా?" అన్నాను. అంతే. సాయంత్రానికి ఊరంతా అదే మాట. నెల తిరక్కుండా వాళ్లు ఊరు విడిచి పాకాల వెళ్లిపోయారు. సిగ్గులేని నోరు నాది.

కమ్మ జేబులో వేసుకుని, అక్కడా ఇక్కడా అడిగి, పాకాలలో వాళ్ల ఇల్లు పట్టుకున్నాను. అక్క ముసలిదైపోయింది. అరుగు మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. కమ్మ చేతిలో పెట్టి, దొరికిన చోటు చెప్పాను. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీయమ్మ ఉంటే బాగుండు" అంది. ఉన్నట్టుండి లేచి, "ఒమ్మో, రాండే! అందురూ రాండి! నేను తీసినానన్న కమ్మ ఇదే!" అని వీధంతా పిలిచింది. "చెప్పప్పా, నీ నోటితో నువ్వే చెప్పు" అంది. వాళ్లందరి ముందు నిలబడి, ఈమె దొంగ కాదు, తప్పంతా మాదే అని చెప్పాను. కాస్త బరువు దిగినట్టు అనిపించింది.

అందరూ వెళ్లాక మెల్లగా చెప్పింది. "మా ఆయన పదేండ్లు మంచంలోనే ఉన్నాడప్పా. నీ దొంగ ప్రమాణమే నన్ను పడేసింది అని, పొయ్యేదాకా నా చేతి నీళ్లు తాగలా. పక్కింటామె వచ్చి పోసేది. ఊళ్లో ఎవురో అన్న మాట, ఆయన మనసులో అట్లనే నాటుకునింది." నా మొహంలోకి చూసింది. "మొదట ఎవురన్నారో నీకేమన్నా తెలుసునా?"

అది చెప్పడానికే వచ్చాను. బస్సులో దారి పొడుగునా కూడబలుక్కున్నాను.

"తెలీదక్కా" అన్నాను.

"ఎవుడైతేనేమి, వాని నోట్లో మన్నుబడ" అని, లోపలికి పోయి నాకు కాఫీ తెచ్చింది. తల దించుకుని తాగాను.