గ్రూపు ఫోటోలో చివరి చోటు

2022 అక్టోబర్‌లో వర్జీనియా పల్లెప్రాంతంలో జరిగిన ఒక పెళ్ళికి నన్ను ప్రధాన ఫోటోగ్రాఫర్‌గా బుక్ చేశారు. అక్కడి హెర్న్‌డన్ అనే ఊరి నుంచి పడమరగా గంటన్నర డ్రైవ్ చేస్తే, కొండల కింద ఒక గుర్రాల ఫారం వస్తుంది. పెళ్ళి అక్కడ. నేనుండేది న్యూజెర్సీలో, పార్సిప్పనీలో. అందుకని ముందురోజే కెమెరాలు, లైట్లు, చిన్న నిచ్చెన కార్లో వేసుకుని బయల్దేరాను.

ఆ రోజుల్లో మనవాళ్ళకి ఫారం పెళ్ళిళ్ళ మీద మోజు పుట్టింది. సొంత ఊళ్ళో పశువుల కొట్టం పక్కన పందిరి వేద్దామంటే కయ్యానికి దిగే పెద్దమనుషులు, ఇక్కడ గుర్రాల కొట్టం కోసం ఏడాది ముందే అడ్వాన్సు కట్టి క్యూలో నిలబడేవారు. చెక్క దూలాలకి చామంతి దండలు, గడ్డిమోపుల మీద పట్టుబట్ట పరిచి కుర్చీలు. వెక్కిరిస్తున్నాను గానీ, ఫోటోకి అది బ్రహ్మాండమైన చోటే. హోటల్ హాలులో దొరకని వెలుతురు అక్కడ ఊరికే దొరుకుతుంది.

పెళ్ళి ఫోటోగ్రాఫర్ పనిలో జనం అనుకునేంత కష్టం జీలకర్ర బెల్లం దగ్గరా ఉండదు, తాళి దగ్గరా ఉండదు. ఏది ఎప్పుడు జరుగుతుందో పురోహితుడి గొంతుని బట్టి తెలిసిపోతుంది. అసలు పరీక్ష ఫ్యామిలీ గ్రూపులు. మా వాడుకలో వాటిని ఫార్మల్స్ అంటాం. వధూవరులు బట్టలు మార్చుకుని వచ్చాక, భోజనాలకి ముందు ఇచ్చే అరగంటలో రెండు వైపుల బంధువులందరినీ వరుస తప్పకుండా నిలబెట్టి తీయాలి. నడుమ జంట, వాళ్ళకి రెండు పక్కలా తల్లిదండ్రులు, తర్వాత అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ వాళ్ళ కుటుంబాలు, ఆ తర్వాత మిగతావాళ్ళు. పొడుగువాళ్ళు వెనక, పిల్లలు ముందు. రెండు వరుసలూ స్పష్టంగా రావాలంటే లెన్స్ ద్వారాన్ని బాగా చిన్నది చేయాలి, ఎవరో ఒకరు కళ్ళు మూస్తారు కాబట్టి వరసగా నాలుగైదు తీయాలి.

ఇందులో బయటివాళ్ళకి తెలియని కిటుకు ఒకటుంది. పెళ్ళికూతురి చెల్లెలు బాయ్‌ఫ్రెండ్‌ని వెంటబెట్టుకుని వస్తుంది. రేపు వాళ్ళు పెళ్ళి చేసుకుంటారో లేదో ఎవరికీ తెలియదు. రమ్మంటే తంటా, వద్దంటే తంటా. అలాంటి మనిషిని వరసలో చిట్టచివర నిలబెడతాం. పక్కవాళ్ళ భుజం తగలకుండా జానెడు ఎడం ఉంచుతాం. తర్వాత కావాలంటే ఆ ముక్క కోసేయవచ్చు, మిగతా ఫోటోకి ఏమీ కాదు. ఈ దేశంలో ఈ వృత్తిలో ఉన్న ప్రతివాళ్ళకీ ఇది తెలుసు. తెల్లవాళ్ళ పెళ్ళిళ్ళలో ఏర్పాట్లు చూసే ప్లానర్లే వచ్చి చెవిలో చెబుతారు. నేనూ బోలెడన్నిసార్లు చేశాను, అందులో తప్పేమీ నాకు కనపడలేదు.

ఆ రోజు ముహూర్తం సజావుగా అయింది. ఎండ కొండ వైపు వాలుతుండగా, చెక్క కంచె ముందు పెళ్ళికొడుకు వైపు గ్రూపు మొదలుపెట్టాను. పెళ్ళికొడుకు తండ్రి ప్రసాదరావు గారు, నన్ను బుక్ చేసిన మనిషి, నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"చూడండీ, ఆ అమ్మాయి ఉంది కదా, గంధం రంగు చీర. ఆ అమ్మాయిని కుడిపక్క చివర పెట్టండి. కాస్త గ్యాప్ ఉంచండి. మీకు తెలియనిదేముంది, ఎడిటింగ్‌లో ఈజీ అవుతుంది."

ఎవరో దూరపు చుట్టమేమో అనుకుని, ఎవరండీ అని అడిగాను. పెద్దకోడలు అన్నాడు. పెళ్ళయి ఆరేళ్ళయింది. నా మొహంలో ఏం కనిపించిందో, గొంతు ఇంకా తగ్గించాడు. "మనవాళ్ళు కాదండీ. వాడు ఇష్టపడి చేసుకున్నాడు, ఏం చేస్తాం. ఈ ఫోటో పెద్ద ఫ్రేం కట్టించి హాల్లో పెడతాం, మన వైపు అందరికీ పంపిస్తాం. మీరూ మనవాళ్ళే కాబట్టి చెబుతున్నాను."

నా ఇంటిపేరు చూసి నన్ను బుక్ చేశాడన్నమాట. అంతదాకా నా పని చూసి అనుకుంటున్నాను. ఒళ్ళు భగ్గుమంది.

అసలు చెప్పవలసింది ఇంకా ఉంది. ఆ కోడలికి పుట్టిన నాలుగేళ్ళ మనవడు ఆ క్షణంలో ఈయన చంకలోనే ఉన్నాడు. పొద్దుట నుంచీ ఆ పిల్లవాడిని కిందికి దించలేదు, కనపడ్డ ప్రతివాళ్ళకీ చూపించి మురిసిపోయాడు. మనవడు నడిమధ్యన కావాలి. మనవడి తల్లి మాత్రం కోసేయడానికి వీలుగా చివర ఉండాలి. కులం వేరు కావడం తప్ప ఆ అమ్మాయి చేసిన నేరం ఏమీ లేదు.

ఆ అమ్మాయి పేరు సునీత. హెర్న్‌డన్‌లో ఫార్మసిస్టు, పుట్టి పెరిగింది వరంగల్‌లో. మేము మాట్లాడుకుంటున్న చోటుకి నాలుగడుగుల దూరంలో ఉంది. గుసగుసగా చెబుతున్నానని ఆయన అనుకున్నాడు అంతే, ఆమెకి అంతా వినపడింది. నేను ఆమె వైపు తిరిగి నోరు తెరిచేలోపు ఆమే అంది:

"నాకు తెలుసు అంకుల్, యాడ నిలబడాల్నో. ప్రతిసారి అదే ప్లేస్."

కోపంగా కూడా అనలేదు. బస్సులో తన సీటు నంబరు చెప్పినట్టు చెప్పింది. కొంగు సర్దుకుని వెళ్ళి వరసలో కుడిపక్క చిట్టచివర నిలబడింది. తన పక్కనున్న ముసలాయనకీ తనకీ మధ్య జానెడు ఎడం తానే వదిలింది. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళకి ఆ ఎడం ఎంత ఉండాలో నేర్పడానికి నేను తంటాలు పడేవాణ్ణి. ఆమె కొలిచినట్టు నిలబడింది. ఆరేళ్ళుగా ఎన్ని పండగలకి, ఎన్ని పుట్టినరోజులకి అలా నిలబెడితే వచ్చిన అలవాటో అది!

ఇక ఆమె మొగుడు. శ్రీకాంత్. తండ్రి వరసలోకి వెళ్ళాక ఆయన పక్కన, మధ్యలో, సూటు గుండీ పెట్టుకుని కెమెరా వైపు చూస్తున్నాడు. భార్య ఎక్కడుందో తల తిప్పి చూడలేదు. నిజం చెప్పాలంటే తండ్రి మీద కంటే ఇతని మీద నాకు ఎక్కువ ఒళ్ళు మండింది. ప్రేమించి పెళ్ళి చేసుకున్నానని స్నేహితుల దగ్గర గొప్పలు పోయి ఉంటాడు. ఫోటోలో పక్కన నిలబెట్టుకునే పాటి ధైర్యం లేదు.

"శ్రీకాంత్ గారూ, మీ ఆవిడ పక్కకి వెళ్ళండి," అన్నాను, అందరికీ వినపడేలా.

అతను తండ్రి మొహం చూశాడు. తండ్రి నా మొహం చూశాడు. "ఉన్నచోట ఉన్నట్టు తీసేయండి సార్, లైట్ పోతోంది," అన్నాడు.

ఒక్క మాట ఆయనది నిజం, వెలుతురు పోతోంది. గ్రూపు ఫోటోలో ఎవరు ఏ చుట్టమన్నది వాళ్ళిష్టం. కానీ నడుమ ఎక్కడన్నది నా ఇష్టం. కెమెరా ఎక్కడ పెడితే అదే నడుమ. ట్రైపాడ్ ఎత్తుకుని కుడిపక్కకి నడిచి, సరిగ్గా సునీత ఎదురుగా దింపాను.

"వెలుతురు ఇటు బాగుంది. పెళ్ళికూతురు గారూ, మీరు వచ్చి మీ తోటికోడలి పక్కన నిలబడండి. మిగతావాళ్ళు మీ వెనకే వస్తారు."

పెళ్ళికూతురు మేఘన న్యూజెర్సీలో పుట్టి పెరిగిన పిల్ల. ఈ సంగతులన్నీ ఆమెకి ఎంతవరకు తెలుసో నాకు తెలియదు. "ఓకే అంకుల్," అని లెహంగా రెండు చేతులా ఎత్తిపట్టుకుని, మొగుణ్ణి లాక్కుని చకచకా వచ్చేసింది. "సునీతక్కా, ఎందుకు అంత ఫార్ ఉన్నావు? దగ్గర రా," అంటూ సునీత చెయ్యి తన చేతిలో చుట్టుకుంది. సునీత కదలలేదు, చెయ్యి వెనక్కి తీసుకోనూ లేదు. జంట వచ్చాక జనం రాక తప్పదు. వరస మొత్తం గొణుక్కుంటూ జరిగింది. శ్రీకాంత్‌కి భార్య వెనక తప్ప ఎక్కడా చోటు మిగల్లేదు, అక్కడే నిలబడ్డాడు. ప్రసాదరావు గారు ఊరుకునే మనిషి కాదు. మనవణ్ణి ఎత్తుకుని వచ్చి, ఇద్దరిని పక్కకి జరిపి, పెళ్ళికొడుక్కి అటుపక్కన నిలబడ్డాడు. నన్ను కొరికేసేలా చూశాడు. నవ్వండి అని నేను అడగలేదు. వరసగా ఆరు తీశాను.

అందరూ భోజనాలకి కదిలాక సునీత నా దగ్గరికి వచ్చింది. థాంక్స్ చెబుతుందనుకున్నాను. అబద్ధం ఎందుకు, ఎదురుచూశాను కూడా.

"అంకుల్, మీరు మీ కోపం తీర్చుకున్నరు. మంచిగనే ఉంది. రేపు కారెక్కి న్యూజెర్సీ పోతరు. నేను సండే లంచ్‌కి మళ్ళ వాళ్ళింటికే పోవాలె. అక్కడ నాకు చోటు ఎవరు చూపిస్తరు? వాళ్ళు నన్ను ఏమన్నా అనాలనుకుంటే, ఈరోజు అందరి ముందట అననియ్యవలసింది. ఆరేళ్ళ సంది ఒక్కరు కూడ నా మొఖం మీద అనలేదు. అనుంటే నేనేం చెయ్యాల్నో నాకు తెలిసేది."

అని, ప్లేటు తీసుకోవడానికి లైన్లోకి వెళ్ళింది. నా కోపం తగ్గలేదు గానీ, దాని వల్ల ఆమెకి ఒరిగిందేమీ లేదని మాత్రం అర్థమైంది.

నెలన్నర తర్వాత ఫోటోలు పంపించాను. మర్నాడే ప్రసాదరావు గారు ఫోన్ చేశాడు. ఆ అమ్మాయిని తీసేసి ఒకటి పంపమన్నాడు. పెళ్ళికూతురు ఆమె చెయ్యి పట్టుకుని ఉంది, కోస్తే పెళ్ళికూతురు సగం పోతుంది అన్నాను. ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయిగా, మనిషిని మాయం చేసేస్తున్నాయిగా అన్నాడు. ఉన్నాయి, నేను చేయను అన్నాను. కావాలంటే ఆ అమ్మాయికి మీరే ఫోన్ చేసి, ఫోటోలో నువ్వు మాకు వద్దు అని చెప్పండి, ఆవిడ సరేనంటే చూద్దాం అన్నాను. "అలా ఎలా చెబుతామండీ, ఎంతైనా ఇంటి కోడలు," అన్నాడు. ఇంటి కోడలట! ఫోన్ పెట్టేశాను. తర్వాత వాళ్ళ హాల్లో ఏ ఫోటో పెట్టుకున్నారో నాకు తెలియదు.

ఆ ఉదంతం వల్ల నేను తెలుసుకున్నది ఇంత. ఈ పెద్దమనుషులకి మనుషుల్ని వెలివేయాలని ఉంటుంది గానీ, ఆ మాట తమ నోటితో అనే దమ్ము ఉండదు. ఆ పని ఫోటోగ్రాఫర్ చేత, ప్లానర్ చేత, ఎడిటింగ్ చేత చేయించుకుని తాము మంచివాళ్ళుగా మిగిలిపోతారు. మేము ఆ జానెడు ఎడం ఉంచి వాళ్ళ పని సులువు చేస్తున్నాం.

అప్పటి నుంచి నేను రిటైరయ్యేదాకా ఎవరినీ చివర ఎడంగా నిలబెట్టలేదు, బాయ్‌ఫ్రెండ్‌లనైనా సరే. ఫలానా మనిషి ఫోటోలో వద్దని ఎవరైనా నా చెవిలో చెబితే ఒకటే జవాబు ఇచ్చేవాణ్ణి: నాకు కాదు, ఆ మనిషికి చెప్పండి. ఇక్కడే, అందరి ముందు, మొహం చూసి చెప్పండి. వాళ్ళు పక్కకి తప్పుకున్నాక తీస్తాను. అలా అడిగినవాళ్ళలో డాక్టర్లున్నారు, కంపెనీలు నడిపేవాళ్ళున్నారు, గుడి కమిటీల్లో పెద్దలున్నారు. ఒక్కరంటే ఒక్కరు కూడా వెళ్ళి ఆ మాట చెప్పలేదు.