ఉచ్చు పక్కన మంచం

సరే, పట్టుకోవద్దని ఎవరన్నారండీ? పొదుగుతున్న పెట్టను గంపలోంచి లాక్కుపోతే మీరు మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంటారా? వెంకటరావమ్మ కూడా కూర్చోలేదు. ఊళ్లోవాళ్లు ఇప్పుడు ఆమెను పిల్లులమ్మ అని వెక్కిరిస్తున్నారు గానీ, ఆ బావురుపిల్లిని తిట్టినన్ని తిట్లు ఆమె కట్టుకున్న మొగుణ్ణి కూడా తిట్టి ఉండదు. ముందు జరిగింది వినండి. తర్వాత నవ్వాలనిపిస్తే నవ్వండి.

వెంకటరావమ్మది అద్దంకి అవతల ఒక పల్లె. మిరపచేను, చేను గట్టున రేకుల కొట్టం, కొట్టం చుట్టూ నాటుకోళ్లు. ఊళ్లో ఇల్లున్నా కాయ కోతల కాలమంతా ఆమె చేలోనే ఉంటుంది. కోళ్లతో ఆమె ముచ్చట్లు వింటే ఎవరో చుట్టాలు దిగారనుకుంటారు దారిన పోయేవాళ్లు.

మొగుడు ఆదెయ్య పోతూ పోతూ ఆమెకు వదిలిన వాటిలో ఒక బోను ఉంది. పాత ఇనుప మంచం కోయించి, అద్దంకిలో అలీ సాహెబ్ కొట్లో వెల్డింగు పెట్టించాడు. లోపల ఎర ఉంటుంది. పిల్లి దూరి ఎర లాగితే మీట కదిలి తలుపు దబ్బున పడుతుంది. పడ్డదాని మీద గోనెపట్టా కప్పి, బండి వెనక కట్టుకుని, గుండ్లకమ్మ అవతల తుమ్మచెట్లలో వదిలి వచ్చేవాడు. ఆయనకొక పట్టింపు ఉండేది. బోను పెట్టినవాడే తెల్లారగానే వెళ్లి చూడాలి. టీ కూడా ఆ తర్వాతే. ఇంకొకరిని పంపకూడదు. చూసే ఓపిక లేని రోజున తలుపు దించేసి పడుకోవాలి.

ఒకసారి పెదకాకానిలో చుట్టాల పిల్లాడికి పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారు. విస్తట్లో పులిహోర పడ్డాక ఆదెయ్యకు గుర్తొచ్చింది, బోను తలుపు ఎత్తే ఉంచి వచ్చానని. చెయ్యి కడుక్కుని లేచాడు. బస్సు దిగి బస్సు ఎక్కి చేనుకు చేరేదాకా వెంకటరావమ్మ ఆయన్ను తిడుతూనే ఉంది. తీరా చూస్తే బోనులో వాళ్ల పెట్టే. ఎర పొడుచుకు తిని, గుడ్డు పెట్టి, దర్జాగా కూర్చుంది. "ఇదిగో నీ పులి" అని ఆ గుడ్డు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆ మాట చెప్పుకుని ఇద్దరూ ఎన్నాళ్లు నవ్వుకున్నారో.

మొన్న మాఘమాసంలో మళ్లీ బావురుపిల్లి కోళ్లకు మరిగింది. పొదుగుతున్న పెట్టను ఎత్తుకుపోయింది. గంపలో గుడ్లు చల్లబడిపోయాయి. గట్టు పొడుగునా ఈకలు. వెంకటరావమ్మ దాని వంశాన్నంతా తిట్టిపోసి, చచ్చిన కోడిపిల్లను ఎరగా పెట్టి బోను తలుపు ఎత్తింది. పిల్లి వచ్చింది, ఎర తిన్నది, పోయింది. తలుపు పడలేదు. మీట అరిగిపోయింది మరి. ఆ మీట ఊడదీసి చేతిసంచిలో వేసుకుని, అలీ సాహెబ్‌కు ఫోను చేసి, కొత్తది చేయించుకొద్దామని రెండు రోజులాగి పొద్దున్నే బయల్దేరింది.

పక్క చేను ఆదెయ్య మేనల్లుడు శివరామకృష్ణది. కొత్తగా నాటుకోళ్ల షెడ్డు వేశాడు. ఆ షెడ్డు వెనకనుంచి ఏదో మూలుగు వినపడి గట్టు దిగి చూసింది.

అదే పిల్లి. ముందుకాలు ఇనుప పళ్ల మధ్య ఇరుక్కుపోయి ఉంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఉచ్చు అది. గొలుసుతో షెడ్డు స్తంభానికి కట్టి ఉంది. గొలుసు అందినంత మేరా నేల గుండ్రంగా గీరుకుపోయింది. గీరిన మట్టి కూడా ఎండిపోయింది. అంటే ఇవాళ పడ్డది కాదు. కాలికి చీమలు పట్టాయి. చన్నులు పాలతో బిగిసిపోయి ఉన్నాయి. ఆమెను చూసి అది అరవను కూడా లేదు. అరిచే ఓపిక అయిపోయింది.

శివరామకృష్ణ మిరపకాయల లోడుతో గుంటూరు యార్డుకు వెళ్లి ఉన్నాడు. అతనికి తెలియదనుకుంది పిచ్చిది. ఫోను చేసింది.

"ఒరేయ్ శివా, నీ ఉచ్చులో పిల్లి పడిందిరా. బతికే ఉంది."

"తెలుసు అత్తా. నిన్న లారీ ఎక్కబోతా చూశా."

"చూసి పోయావా?"

"కావాలనే ఉంచా. జొన్నచేలో చచ్చిన కాకిని కట్టమూ, మిగతా కాకులు రాకుండా? ఇదీ అట్టాంటిదే. ఇది అరుస్తుంటే రెండో పిల్లి ఈ చాయలకు రాదు. నేనొచ్చి తీస్తాలే."

చచ్చిన కాకిని కర్రకు వేలాడదీయడం ఈ పల్లెల్లో అందరూ చేసేదే. వెంకటరావమ్మ కూడా ఎన్నోసార్లు కట్టింది. అది తీసుకొచ్చి దీనికి అతికించాడు, చూశారా! ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"కాకి చచ్చిందిరా. చచ్చినదాన్ని కట్టాం. ఇది నా మొహం చూస్తా ఉంది."

"నీ పెట్టను తిన్నది అదే గదా. నీకెందుకత్తా అంత జాలి?"

"జాలి కాదురా, కడుపుమంట. పట్టుకున్నందుకు అనట్లేదు నిన్ను. కళ్లారా చూసి లారీ ఎక్కావు చూడు, అందుకు."

అతనూ తక్కువ తినలేదు. "మావ మాత్రం చేసిందేంది? మన పిల్లిని తీసుకెళ్లి గుండ్లకమ్మ అవతలోళ్ల కోళ్ల మీదికి వదిలాడు. అది ధర్మమా?" అని ఫోను పెట్టేశాడు.

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. నిజమే. అవతల ఎవరి గంపలు ఖాళీ అయ్యాయో ఆదెయ్య అడగలేదు, ఆమె కూడా అడగలేదు. అయినంత మాత్రాన ఆ పిల్లిని అలా వదిలేసి పోతుందా?

కాయలు కోస్తున్న రెబ్కాను కేకేసింది. రెబ్కా గోతం పట్టుకొచ్చి పిల్లి తల మీద కప్పి అదిమి పట్టింది. వెంకటరావమ్మ పలుగు దూర్చి, రెండు కాళ్లూ దాని మీద వేసి తొక్కితే ఆ పళ్లు విడిపోయాయి. గోతం తీశాక కూడా పిల్లి కాసేపు కదల్లేదు, వదిలారని దానికి తెలియలేదు. తర్వాత మూడు కాళ్ల మీద ఈడ్చుకుంటూ పత్తికట్టె మోపుల్లోకి పోయింది. కూనలేమైనా అక్కడున్నాయేమోనని ఇద్దరూ మోపులన్నీ వెతికారు. ఎక్కడా చప్పుడు లేదు. ఆ వెతుకులాటలోనే పొద్దెక్కింది. అద్దంకి ప్రయాణం ఆగిపోయింది.

ఉచ్చును బావిలో పడేద్దామంది రెబ్కా. ఇంకోటి తెప్పిస్తాడు, పైగా దొంగతనం నా మీద పడుతుంది, వాడి మొహానే ఇస్తానంది వెంకటరావమ్మ. పోనీ ఫారెస్టువాళ్లకు చెబుదామంది రెబ్కా. మేనల్లుణ్ణి కేసులో ఇరికించడానికి వెంకటరావమ్మకు మనసొప్పలేదు. ఆ ఒక్క విషయంలో రెబ్కాకు ఇప్పటికీ ఆమె మీద కోపమే.

శివరామకృష్ణ గుంటూరు నుంచి వచ్చి టీ కొట్టు దగ్గర కూర్చున్నాడని తెలిసి, ఉచ్చును గోతంలో వేసుకుని వెళ్లింది. నలుగురూ ఉన్నారు. అత్త మా షెడ్డు మీదికి పిల్లిని మేపుతోందని అతను అప్పటికే వాళ్లను నవ్విస్తున్నాడు. ఆమె గోతం తిరగేసింది. గొలుసుతో సహా అది బల్ల మీద పడితే టీ గ్లాసులు ఎగిరాయి.

"ఇదిగో నీ సామాను. మళ్లీ పెట్టుకుంటావా, పెట్టుకో. కానీ దీని పక్కనే నీ మంచం వేసుకుని పడుకో. అది అరిస్తే నువ్వు వినాలి, రెండో పిల్లి కాదు."

నవ్వులు ఆగాయి. శివరామకృష్ణ గ్లాసు నిలబెట్టి, ఉచ్చును తన వైపు లాక్కున్నాడు. తర్వాత మెల్లిగా, "నాకంత తీరిక లేదత్తా. నీకు నిద్ర పట్టకపోతే నువ్వే వేసుకో మంచం" అన్నాడు. మళ్లీ అందరూ నవ్వారు. ఒక్కడంటే ఒక్కడు, అది తప్పురా అనలేదు. కోళ్లు పెంచేవాళ్లు, గేదెలు పెంచేవాళ్లు, నోరులేని గొడ్డు ఈనుతుంటే తెల్లవార్లూ పక్కన కూర్చున్న మనుషులే వాళ్లంతా. ఆ వేళకు వాళ్ల నోళ్లకేమొచ్చిందో మరి.

అతను ఉచ్చు మళ్లీ పెట్టాడు. పంతానికే పెట్టాడు.

వెంకటరావమ్మ మంచమైతే వేసుకోలేదు గానీ, రోజూ తెల్లారగానే టీ తాగకముందే గట్టు దిగి ఆ ఉచ్చు చూసి వస్తోంది. పెట్టినవాడు షెడ్డు ముందు పళ్లు తోముకుంటూ ఉంటాడు, ఆమె వెనక్కి వెళ్లి చూసి వస్తుంది. ఒకరోజు పందికొక్కు ఉంది. ఒకరోజు అతని కోడే ఉంది. దాన్ని విడిపించి తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను తీసుకున్నాడు.

ఆమె కోళ్లిప్పుడు చీకటి పడితే కొట్టంలోనే, మంచం కింద సర్దుకుంటున్నాయి. బోను గట్టు మీద మీట లేకుండా అలాగే పడి ఉంది. రోజూ సంచి భుజాన వేసుకుని అద్దంకికనే బయల్దేరుతుంది. షెడ్డు వెనక్కి వెళ్లి చూసి వచ్చేసరికి కూలీలు దిగుతారు, ఇంక కదలడానికి ఉండదు. అరిగిన మీట ఆ సంచిలోనే ఉంది. అలీ సాహెబ్ ఈ మధ్య ఊరివాళ్లెవరో కనిపిస్తే అడిగాడట, మీట తెస్తానని ఫోను చేసిన అమ్మగారు ఇంకా రాలేదేమని.