లాండ్రీ ఆవిడ చెప్పగా రాసిన చీటీలు

లాండ్రీలో ఇస్త్రీ బల్ల ముందు పాతికేళ్లుగా నిలబడే ఆవిడకు ఒక జబ్బుంది. తెర మీద ఎవరు ఏడ్చినా, ఎవరు నవ్వినా ఆవిడ కళ్లు ముందు చొక్కా కాలరు మీదికే పోతాయి. హీరో తిండికి లేక మాడుతున్నాడని సినిమా అంతా మొత్తుకుంటుంటే, “తిండికి లేనివాడి చొక్కా చేతి మడత అంత కత్తిలా ఎలా ఉందయ్యా?” అని పక్కనున్న మొగుణ్ణి మోచేత్తో పొడుస్తుంది. ఆయనది వెల్డింగు పని. “సినిమా చూడవే తల్లీ” అంటాడు.

ఏడాదికోసారి గ్రంథాలయం మేడ మీది హాల్లో మూడు రోజులు సినిమాలు వేస్తారు. బయట గుడ్డ మీద ‘చలనచిత్రోత్సవం’ అని నోరు తిరగని మాట రాసి కడతారు గానీ, జనం మాత్రం మూడ్రోజుల సినిమా అనే అంటారు. ఆట అవగానే తలా ఒక చీటీ ఇచ్చి, ఏమనిపించిందో రాయమంటారు. కింద పేరక్కర్లేదు, చేసే పని రాస్తే చాలు. ఆవిడకు సినిమా కన్నా ఈ చీటీయే ఇష్టం. చదువు రాదు కాబట్టి తను చెబుతుంది, ఆయన మోకాలి మీద పెట్టుకుని ఇద్దరివీ రాస్తాడు.

“ఏం రాశావో చదువు.”

ఆయన గొంతు సవరించుకుంటాడు. “ఛాయాగ్రహణం అమోఘం. కథనం ఆద్యంతం రక్తి కట్టింది.”

“నేనన్నది అదేనా?”

“నువ్వన్నదానికే కాస్త ఇస్త్రీ చేశా.”

ఆవిడకు ఒళ్లు మండిపోయేది. పైగా ఇంటికి నడిచే దారంతా ఆవిడ ఔనన్న ప్రతిదాన్నీ కాదంటూ వచ్చేవాడు మహానుభావుడు.

అది వాళ్ల సరదా. ఒక్క చీటీ సంగతి మాత్రం సరదా కాదు. ఆరేళ్ల కిందటి సినిమాలో ఒక తల్లి, పోయిన కొడుకు చొక్కాను చకచకా మడిచి పెట్టెలో పెట్టేసింది. హాలంతా కళ్లొత్తుకుంది. ఆవిడ కళ్లు తడి కాలేదు. చీటీ రాగానే, “అబద్ధం. అలా మడవలేరు. మా బాబు చొక్కా ఇస్త్రీ చేశాను గానీ మడవడానికి చెయ్యి రాలేదు. మూడు రోజులు కుర్చీ మీదే ఉండిపోయింది. రాయి” అంది.

ఆ బాబు తొమ్మిదో ఏట జ్వరంతో పోయాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా వాడి మాట రావడం అదే మొదలు, అదే చివర. ఆయన తల వంచుకుని రాశాడు. చదివి వినిపించలేదు, ఆవిడా అడగలేదు. దాని మీద కూడా ఛాయాగ్రహణం అమోఘం అని రాసేశాడా అన్న అనుమానం ఆవిణ్ణి తొలుస్తూనే ఉంది. అలా రాసి ఉంటే మాత్రం ఈ జన్మకు క్షమించేది లేదు.

వచ్చేది పదో ఏడనీ, పాత చీటీలన్నీ గోడకు అంటిస్తామనీ పోయినేడు చెప్పారు. మర్నాటి నుంచే ఆవిడ మధ్యాహ్నం తిండి వేళ కౌంటరు అమ్మాయి దగ్గర అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది. బట్టలకు కట్టే చీటీల మీది పేర్లు కూడబలుక్కుంటూ ఏడాదికల్లా చదవడం పట్టేసింది. మొగుడికి మాత్రం చెప్పలేదు.

ఈ ఏడు మొదటి ఆట కాగానే ఆయన్ని టీకి పంపి, మెట్ల పక్క గోడ దగ్గరికి వెళ్లింది. ‘ఇస్త్రీ పని’ అన్న చీటీలు వెతికి వేలు పెట్టి చదివింది. ఆయన చదివి వినిపించిన ఛాయాగ్రహణం ఎక్కడా లేదు, అన్నీ తనన్న మాటలే. ‘మా ఆయన గురకకు సగం మాటలు వినబడలేదు’ అన్నది కూడా పొల్లుపోకుండా ఉంది. పక్కన ‘వెల్డింగు పని’ చీటీల మీద ప్రతి ఏడూ ఒకటే మాట: ‘మా ఆవిడ చెప్పిందే.’ ఆవిడకు నవ్వాగలేదు.

తర్వాత ఆరేళ్ల కిందటి ఆ చీటీ దొరికింది. అదీ తన మాటల్లోనే ఉంది. చివర తనన్న ‘రాయి’ కూడా రాసేశాడు. పక్కన ఆయన చీటీ: ‘నిజమే. చెయ్యి రాదు. నాలుగో రోజు నేను మడిచాను.’

ఆవిడ గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. ఇన్నేళ్లూ ఆ పని అత్తగారు చేసిందనుకుంది.

ఆయన రెండు గ్లాసులతో మెట్లెక్కి వచ్చి, ఆవిడ వేలు ఎక్కడుందో చూశాడు. “చదవడం ఎప్పుడు నేర్చుకున్నావే?”

“కాలరు లోపలికి పెట్టి మడిచావు” అంది ఆవిడ. “అత్తయ్యకు కళ్లు ఆనక అలా మడిచిందనుకున్నా.”

“నాకు అంతే వచ్చు.”

“అలా మడిస్తే నలిగిపోతుంది.”

“మరి విప్పి సరిగ్గా మడవకపోయావా?”

“ముట్టుకోలేదు. ఇప్పటికీ అలాగే ఉంది.”

ఆయన గ్లాసులు మెట్టు మీద పెట్టి, పక్కనే కూలబడ్డాడు. “దానికి పై గుండీ ఉండదు” అన్నాడు. “ఎప్పుడూ కొరుకుతూ ఉండేవాడు, వెధవ.”

“ఒకటి మింగేశాడు కూడా” అంది ఆవిడ, కళ్లు తుడుచుకుని పక్కన కూర్చుంటూ.

పైన రెండో ఆట మొదలైంది. వాళ్లు లేవలేదు. మెట్ల మీద కూర్చుని, ఆట అయ్యేదాకా బాబు కబుర్లే చెప్పుకున్నారు.