బాబాయికి మాత్రమే వినపడే శబ్దం

మా బాబాయికి లోకంలో ఏ శబ్దమూ వినపడదు, తన మోటారు సైకిల్లోంచి వచ్చే శబ్దం తప్ప. అదేమో ఇంకెవరికీ వినపడదు. ఆ బండికి మెకానిక్‌ని నేను. నా ఖర్మ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ముప్ఫయ్యారేళ్లు అచ్చు యంత్రాల పక్కన నిలబడి పనిచేసిన మనిషి. ఆ మోతకి రెండు చెవులూ పోయాయి. మనం పావుగంట తలుపు బాదితే పక్కింటివాళ్లు లేచి వస్తారు, ఈయన రాడు. అలాంటాయన అరవై నాలుగో ఏట పెద్ద బండి కొని, వెనక పిన్నిని ఎక్కించుకుని ఊళ్లు తిరగడం మొదలెట్టాడు.

"ఈ వయసులో బండేంటి బాబాయ్? హాయిగా బస్సులో పోరాదూ?" అన్నాను.

"బస్సులు మాకు పడవురా," అని కొట్టిపారేశాడు.

తిరిగొచ్చిన ప్రతిసారీ నేరుగా నా షెడ్డుకే.

"ఒరేయ్, శబ్దం వస్తోందిరా."

"ఎక్కణ్ణించి బాబాయ్?"

"ఏం?"

"ఎక్కణ్ణించీ!"

"కిందనించి. టకటకమని."

చైను మార్చాను. బేరింగులు మార్చాను. ఓసారి ఇంజను మొత్తం విప్పి, గోనెపట్టా మీద పరిచి, మళ్లీ బిగించాను. చెవి ఆనించి వింటే గడియారంలా నడుస్తోంది. బాబాయి తల అడ్డంగా ఊపాడు. "ఇంకా ఉందిరా."

గొడవ ఇంట్లోనే ఉంటే సర్దుకునేవాణ్ణి. ఈయన ఆగిన చోటల్లా, "మా అన్న కొడుకే చేశాడండీ సర్వీసింగు! ఏం చేశాడో ఏమో!" అని గొంతు చించుకున్నాడు. చెవిటివాళ్లకి మెల్లగా చెప్పడం రాదు కదా. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నా పెరటివాళ్లు చెట్టునే నరికేశారు. పదేళ్లు ఒళ్లు హూనం చేసుకుని తెచ్చుకున్న పేరు ఆరు నెలల్లో మట్టిలో కలిసింది. పాత ఖాతాదార్లు నా షెడ్డు ముందునించే వెళ్లి పక్క వీధిలో బండి ఆపుతున్నారు.

పిన్ని కూడా తక్కువ తినలేదు. "చేతకాకపోతే చెప్పెయ్యి నాయనా, ఇంకొకరికి చూపిస్తాం," అంది. ఒళ్లు మండిపోయింది నాకు.

"ఈసారి మీ వెనకే నా బండి మీద వస్తా," అన్నాను బాబాయితో. "ఆ శబ్దమేదో నా చెవిన పడాలి. లేదా, ఇంక నా షెడ్డు గడప తొక్కొద్దు."

బాబాయి మొహం వాడిపోయింది. ఆ మాట బాగానే వినపడినట్టుంది.

బయల్దేరాం. ముప్పావుగంటకి పెట్రోలు బంకు. చెయ్యెత్తి ఆపాడు. "శబ్దం!" ఇంకో గంటకి హోటలు. "శబ్దం!" ఆ తర్వాత రైల్వే స్టేషను. "శబ్దం!" మధ్యలో రాళ్లూ గతుకులూ ఉన్న ఖాళీ రోడ్డు మీద మాత్రం ఒక్కసారీ రాలేదు.

స్టేషను ముందు గొంతుక్కూర్చుని చైను చూస్తున్నాడు బాబాయి. చైను మీద చెయ్యి ఉందిగానీ, చూపు ఆడవాళ్ల మరుగుదొడ్డి గుమ్మం మీదుంది. పిన్ని గబగబా అందులోకే వెళ్లింది. బంకులోనూ అంతే, హోటల్లోనూ అంతే. అప్పటికి వెలిగింది నాకు. వెలిగాక కోపం ఇంకా పెరిగింది.

ఎదురుగా కూర్చున్నాను, పెదాలు కనపడేలా. "బండికి ఏ రోగమూ లేదు కదూ?"

ఈసారి "ఏం?" అనలేదు.

"నాలుగేళ్ల కిందట మీ పిన్ని బస్సులో డ్రైవర్ని ఆపమంది," అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా వినడం అదే మొదలు. "ఒకసారి ఆపాడు. రెండోసారి అడిగితే బస్సంతా నవ్వింది. మూడోసారి అడగలేకపోయిందిరా. ఆ తర్వాత సొంత చెల్లెలింటికి కూడా పోలేదు. నన్నయినా ఆపమనదు, సిగ్గు. అదే రోగం బండిదైతే ఎవరికి సిగ్గు?"

"మెకానిక్‌కి! షెడ్డు ఖాళీ అయిపోయింది బాబాయ్."

"తెలుసురా." తల దించుకున్నాడు. "పరాయివాడి పేరు చెడగొట్టలేను కదా!"

ఏడవాలో తన్నాలో తెలియలేదు. ఇంతలో పిన్ని వచ్చింది. ఎండకి మొహం కందింది, కళ్లు మాత్రం కొత్తగా రెక్కలొచ్చినదాని కళ్లలా ఉన్నాయి.

"దొరికిందా నాయనా శబ్దం?"

బాబాయి నా పెదాలకేసి చూశాడు. పక్కన బండి తుడుచుకుంటున్న ఒకాయన కూడా చెవులు రిక్కించాడు. ఒక్క మాటంటే నా పేరు నాకు తిరిగొస్తుంది.

"దొరికింది పిన్నీ. బాగుచెయ్యడం నా వల్ల కాదు. గంటకోసారి ఆపుకుంటూ పోవడమే."

"ముందే చెప్పుంటే పోయేది కదా," అంది పిన్ని జాలిగా.

పక్కాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏ షెడ్డండీ మీది?"

నేను నోరు తెరిచేలోగా బాబాయి లేచి నిలబడి, సందుతో సహా అడ్రసు మొత్తం స్టేషనంతా వినపడేలా చెప్పాడు.