గీత అవతల సముద్రం

మొన్న మా అమ్మాయి ఫోన్‌లో ఒక కాగితం పంపింది. సముద్రపు ఒడ్డున కొత్తగా కట్టిన ఒక రిసార్టు వాళ్లు, పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలకు తమ దగ్గర ఏమేం దొరుకుతాయో రాసి పెట్టిన పట్టిక అది. పిల్లలకు మోకాలి లోతు ఈతకొలను, పెద్దవాళ్లకు నీడ కింద వాలుకుర్చీలు, పొద్దున లెక్కలేనన్ని రకాల ఫలహారాలు, మెట్లెక్కలేని ముసలివాళ్లకు చక్రాల కుర్చీ, ఆఖరికి ఇసుక కాళ్లు కడుక్కోవడానికి వేరే నల్లా కూడా. "ముందే తెలిస్తే నీకు గాబరా ఉండదు కదమ్మా" అని కింద ఒక ముక్క రాసింది. నా గాబరా సంగతి దానికేం తెలుసు! నేను ఇలాంటి హోటలుకు జన్మలో ఒక్కసారే పోయాను, పన్నెండేళ్లు నిండకముందు. అక్కడ ఏముంటుందో అప్పుడు మాకు చెప్పిన మనిషి లేడు, రాసిచ్చిన కాగితం లేదు. పోయిన నిమిషం నుంచి తిరిగివచ్చే నిమిషం దాకా నోళ్లు తెరుచుకునే ఉన్నాం.

తొర్రూరులో మాది ఉప్పు దుకాణం. మానుకోట స్టేషన్లో గూడ్సు బండి నుంచి దిగిన బస్తాలు లారీ మీద వచ్చేవి. వానకాలంలో ఆ బస్తాలు చెమటపట్టి, నేలంతా జిగటజిగటగా అయి, గోనెసంచుల వాసనా ఉప్పు వాసనా కలిసి దుకాణం దాటి వంటింట్లోకి వచ్చేవి. ఎండకాలంలో అదే నేల తెల్లగా పొరలు కట్టి, ఉత్త కాళ్లతో నడిస్తే మడమల పగుళ్లలో చురుక్కుమనేది. మా బాపు చేతివేళ్లు ఎప్పుడూ తెల్లగా చెక్కుకుపోయి ఉండేవి. సంతరోజు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు దొడ్డుప్పు కుంచాలతో కొలిపించుకుని, పిడికెడు కొసరు వేయించుకుని, ఒక గల్లు నోట్లో వేసుకుని మరీ పోయేవాళ్లు. ఇన్ని చెబుతున్నాను గానీ, మూడు తరాలుగా ఉప్పు అమ్మిన మా ఇంట్లో సముద్రాన్ని చూసిన మనిషి ఒక్కరూ లేరు.

ఆ ఇంట్లో మేం నలుగురం: బాపమ్మ, బాపు, అమ్మ, నేను. అరవై తొమ్మిది ఉద్యమంలో బస్సులు బందై, రోడ్లకు చెట్లు కొట్టి అడ్డం వేసిన రోజుల్లో నేను పుట్టాను. అమ్మను ఎడ్లబండి మీద మానుకోట దవాఖానకు తీసుకుపోయారట. నా తర్వాత ఇద్దరు పుట్టారు. ఒక్కరూ నెల దాటలేదు. అమ్మ ఎవరి ఇంట పురుడైనా పోదు, ఎవరి పిల్లనూ ఎత్తుకోదు, పేరంటంలో వెనక వరుసలో కూర్చుంటుంది. ఇంకొక్క బిడ్డ పుట్టాలి, పుట్టి బతకాలి, అంతే ఆమెకు కావలసింది. దంతాలపల్లి అయ్యగారు పంచాంగం చూసి ఒక దారి చెప్పాడు: మాఘ పౌర్ణమినాడు దంపతులు కొంగుముడితో సముద్ర స్నానం చేయాలి. పర్వం కాని రోజున మాత్రం ఇంటిల్లిపాదిలో ఎవరూ సముద్రాన్ని ముట్టరాదు, ముడితే చేసిందంతా వ్యర్థం.

మాకు ఉప్పు పంపే ఏజెంటు బాపట్ల అవతల ఉండేవాడు. విషయం తెలిసి కార్డు రాశాడు. తన బావమరిది సముద్రం ఒడ్డునే కొత్తగా హోటలు కట్టాడనీ, సకుటుంబంగా దిగవలసిందనీ. బాపు ఆ కార్డు పట్టుకుని వారం రోజులు తటపటాయించాడు. ఉద్యమం రోజుల్లో ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు అనుకున్న మాటలు ఆయనకు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. "ఆంధ్రోల్ల ఊరు. మన మాట ఇని నవ్వుతరేమోనే" అన్నాడు. "నవ్వితే నవ్వనీ. నవ్వులకు కడుపు పండుతదంటే నేను గూడ నవ్విస్త" అన్నది బాపమ్మ.

హోటలంటే సత్రమే కదా అని బాపమ్మ సత్రానికి సర్దినట్టే సర్దింది. నాలుగు బొంతలు, కిరోసిన్ స్టవ్వు, బియ్యం, పప్పు, చింతతొక్కు, డబ్బా నిండా సకినాలు, గుడ్డలో చుట్టిన సర్వపిండి, దేవుడి పటం, రోకలి ఒక్కటి తక్కువ. ఆ పైన సముద్రం దగ్గర నీళ్లన్నీ ఉప్పగా ఉంటాయని ఇత్తడి బిందె నిండా మా బావినీళ్లు పోసి, మూతికి గుడ్డ కట్టించింది. తొర్రూరు నుంచి మానుకోట దాకా బస్సులో, అక్కడి నుంచి రైల్లో ఆ బిందెను అమ్మ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డోర్నకల్ దాటేసరికి ఆమె చీర సగం తడిసిపోయింది.

హోటలు ముందు టోపీ పెట్టుకున్న మనిషి మాకు సలాం కొట్టాడు. ఆయన ఎవరో పెద్ద అధికారి అనుకుని బాపమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. మేం నలుగురం చెప్పులు గుమ్మం బయట వరసగా విప్పి లోపలికి పోయాం. ఆయన ఆ నాలుగు జతలూ చేతుల్లో పట్టుకుని మా వెనకాలే మేడ మీదికి వచ్చాడు. చేతిలో చెప్పులతో అంత పెద్దమనిషిని చూసి బాపు నిలువునా చచ్చిపోయాడు.

గది తలుపు తీస్తే మంచాల మీద తెల్లటి దుప్పట్లు. "ఎవలో పోయినట్టు గీ తెల్లబట్టలేందిరా" అని బాపమ్మ వాటిని తీయించి చుట్టబెట్టి, కింద మా బొంతలు పరిపించింది. అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఇంకో తలుపు తీస్తే అదే గదిలో పాయిఖానా! మా ఇంట్లో అది పెరడు దాటి, గొడ్ల కొట్టం దాటి, ప్రహరీ మూలన ఉండేది. "పండే కాడనే దొడ్డికి పోవుడా? దేవుని పటం ఏ గోడకు పెట్టాలె?" అని ఆమె గది మధ్యన నిలబడి నాలుగు గోడలూ చూసింది. చివరికి పటం వరండాలోకి పోయింది, దాని పక్కనే స్టవ్వు వెలిగింది. ఉల్లిగడ్డ లేని పప్పు పొంగుతుండగా మేనేజరు వచ్చాడు. "అమ్మా, ఇది హోటలండీ. వంట మేం చేసి పెడతాం కదండీ" అన్నాడు. ఏమాటకామాట, చాలా మర్యాదగానే అన్నాడు. "మీరు వండింది మీరు తినుండ్రి అయ్యా. మేం వండింది మేం తింటం. గీంట్ల కొట్లాట ఏముంది?" అన్నది బాపమ్మ. ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. బాపు తల వంచుకున్నాడు. నాకు మాత్రం ఆ మేనేజరు మీద పట్టరాని కోపం వచ్చింది, ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

సాయంత్రం కాకముందే ఒడ్డుకు పోయాం. ఆ రోజు చతుర్దశి, పౌర్ణమి మర్నాడు. చెరువు కట్ట మీద నుంచి అవతలి గట్టు చూసే అలవాటు ఉన్న కళ్లకు అవతలి గట్టు లేకపోవడం ఎలా ఉంటుందో ఎలా చెప్పను? అంతకన్నా వింత ఏమిటంటే, నీళ్ల నిండా మనుషులు. మొగుడూ పెళ్లాలు చేతులు పట్టుకుని, పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని, చీరలు తడిసి కాళ్లకు చుట్టుకున్నా పట్టించుకోకుండా కేకలు వేస్తూ గంతులేస్తున్నారు. "పర్వం గాని దినం సముద్రం ముట్టుడేంది! వీళ్ల పెద్దోళ్లు చెప్పలేదా?" అని బాపమ్మ చెంపలు వేసుకుంది. వేసుకుని, నీళ్లకు ఇరవై అడుగుల దూరంలో కాలి బొటనవేలితో ఇసుకలో ఒక పొడుగాటి గీత గీసింది. "గీ గీత దాటిండ్రో, సూడుండ్రి."

మేం నలుగురం గీతకు ఇవతల బుద్ధిగా కూర్చున్నాం. పౌర్ణమి ముందటి పోటు కాబట్టి కాసేపటికి అల గీత దాకా వచ్చింది. బాపమ్మ అందరినీ లేపి వెనక్కి జరిపి ఇంకో గీత గీసింది. అదీ పోయింది. ఇంకోటి గీసింది. బొంత, సకినాల డబ్బా ఎత్తుకుని అలా నాలుగైదు సార్లు వెనక్కి జరిగాం. చుట్టూ ఉన్నవాళ్లు సముద్రాన్ని వదిలి మమ్మల్ని చూడడం మొదలుపెట్టారు. బాపు నాకోసం ఇసుకలో అష్టాచెమ్మా గడులు గీశాడు. గవ్వలు ఏరబోతే అవీ సముద్రానివేనని బాపమ్మ ముట్టనివ్వలేదు. ఊరి నుంచి తెచ్చిన చింతగింజలతోనే ఆడాం.

మూడో ఆటకు బాపు కునుకు తీశాడు. బాపమ్మ కళ్లు మూసుకుని జపమాల తిప్పుతోంది. అమ్మ వంట కోసమని గదికి పోయింది. నేను లేచాను. ఎందుకు లేచానో అడగకండి, నాకు తెలియదు. గీత దాటాను. నాలుగడుగులు వేశానో లేదో అల వచ్చి మోకాళ్ల దాకా కప్పేసింది. కాళ్ల కింద ఇసుక జారిపోతుంటే పడిపోబోయి, నవ్వబోయి, నోట్లోకి నీళ్లు పోయాయి. మా దుకాణం నేల, మా బాపు వేళ్లు, అదే ఉప్పు! ఆ రెండు నిమిషాలు నేను ఎవరి బిడ్డనో కూడా మరిచిపోయాను. ఆ తర్వాత అయ్యగారి మాట గుర్తుకొచ్చింది. పరుగెత్తి వచ్చి పరికిణీ అంచు పిండుకుని, ఎండలో కాళ్లు చాపుకుని ఆరబెట్టుకున్నాను. ఎవరూ చూడలేదు.

మర్నాడు పొద్దు పొడిచే వేళకు ఒడ్డంతా జాతరలా ఉంది. పంతులు సంకల్పం చెప్పాడు. అమ్మ కొంగూ బాపు ఉత్తరీయమూ ముడివేశారు. బాపు అమ్మ చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దిగాడు. వాళ్లిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకోవడం నేను చూడడం అదే మొదలు, అదే ఆఖరు. అమ్మ మూడు మునకలు వేసింది. వేసిన ప్రతిసారీ కళ్లు గట్టిగా మూసుకుని పెదవులు కదుపుతోంది. బాపమ్మ ఒడ్డున నిలబడి ఏడుస్తోంది. నేను మాత్రం సముద్రం ఇప్పుడే నా పేరు చెప్పేస్తుందని భయంతో కొయ్యబారిపోయి ఉన్నాను.

ఏడాది తిరగకుండానే అమ్మకు మగపిల్లవాడు పుట్టాడు. ఒత్తయిన జుట్టు, మూసిన పిడికిళ్లు. బాపు దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లకూ చక్కెర పంచాడు. అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వాడి పాదాలు నా అరచేతిలో పెట్టింది. పదకొండో రోజు పొద్దున వాడు పాలు తాగలేదు. మధ్యాహ్నానికి లేడు. మొదటి ఇద్దరికీ గుండెలు బాదుకున్న బాపమ్మ ఈసారి ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, "ఎక్కడనో తప్పు జరిగింది. ఎవలో ముట్టిండ్రు" అన్నది. అంతే అన్నది. నేను ధాన్యం గాదె వెనక్కి పోయి, చీకటి పడేదాకా బయటికి రాలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ బిడ్డల మాట ఎత్తలేదు.

నేను పెద్దయ్యాను. జనగామ బళ్లో ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పాను. పసిపిల్లలు ఎందుకు పోతారో, తల్లి రక్తానికీ బిడ్డ రక్తానికీ పొసగకపోతే ఏమవుతుందో నల్లబల్ల మీద బొమ్మలు గీసి మరీ చెప్పాను. చెప్పి ఇంటికి వచ్చి, తమ్ముణ్ణి చంపింది నేనే అనుకుంటూ అన్నం తిన్నాను. చదువుకున్నది ఒకటి, కడుపులో కూర్చున్నది ఇంకొకటి. రెండూ ఒకదాని మొఖం ఒకటి చూసుకోకుండా నాలో ఇన్నేళ్లూ కాపురం చేశాయి.

బాపమ్మ లేదు, బాపు లేడు. సంచుల్లో ఉప్పు వచ్చే కాలం పోయింది, దుకాణం ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. కుంచాలు లేవు, కొసరు లేదు. ఉప్పు గల్లు నోట్లో వేసుకుని చప్పరిస్తూ పోయే సంత జనమూ లేరు. ఆ హోటలు కూడా ఎప్పుడో పడగొట్టేశారట. అప్పటి నలుగురిలో మిగిలింది అమ్మా నేనూ. ఆమెకు ఎనభై దాటాయి, నా దగ్గరే ఉంటుంది.

మనవరాలు పిలుస్తోంది, అందరం పోదామంటోంది అని చెబితే అమ్మ తల అడ్డంగా ఊపింది. "నేను రాను బిడ్డా. నాకు సముద్రం అచ్చిరాదు."

ఎందుకో ఆ మాటకు నాలో కట్ట తెగింది. చెప్పేశాను. చతుర్దశినాడు గీత దాటిన సంగతి, మోకాళ్ల దాకా తడిసిన సంగతి, ఎండలో పరికిణీ ఆరబెట్టుకున్న సంగతి. యాభై అయిదు దాటిన దాన్ని, ఆమె ముందు పన్నెండేళ్ల పిల్లలా వెక్కిళ్లు పెడుతూ చెప్పాను. కొడుతుందనుకున్నానేమో కూడా.

అంతా విని అమ్మ, "నేను గూడ ముట్టిన" అన్నది.

నాకు అర్థం కాలేదు.

"వంటకని గదికి పోయిన గదా. వంటకు పోలే. హోటలు అవుతలికెల్లి దిగిన. ఒక్కసారి కాళ్లు పెట్టి వద్దామనుకున్న. పెట్టినంక ఎనకకు రాబుద్ధి కాలే. నడుముల దాక పోయిన. చీర పిండుకొని, బిందె ఒలికిందని మీ బాపమ్మకు చెప్పిన. నా బిడ్డను నేనే తిన్న అనుకున్న, ఇన్నేండ్లు. నీకు ఎట్ల చెప్తనే?"

ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, ఒకరికి ఒకరం అన్నం వడ్డించుకుంటూ నలభై ఏళ్లకు పైగా ఇద్దరం ఒకే పాపం మోశాం. మోస్తున్నామని ఒకరికొకరం చెప్పుకోలేదు. నాకు ఏడుపు ఆగిపోయింది. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎవరైనా వింటారేమో అన్నట్టు ఇంత కిందికి వంగి, గొంతు తగ్గించి అడిగింది.

"మస్తు సంబరమైంది బిడ్డా, గా నీళ్లల్ల. నా జన్మల గంత సంబరం ఎన్నడు ఎరుగ. నీకు సుత అయిందా?"

"అయిందమ్మా" అన్నాను.