వెనక బెంచీలో పెద్దమనిషి

పొద్దున్నే షిఫ్టు దిగి శంషాబాద్ బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే ఊదు వాసన వచ్చింది. ఒక ముసలాయన నిప్పుల కుండ పట్టుకుని ప్రతి దుకాణానికీ పొగ వేస్తూ వస్తున్నాడు. చాయ్ హోటల్, పూజసామాను కొట్టు, సెల్‌ఫోన్ల కొట్టు, దేన్నీ వదల్లేదు. నిద్రలేని కళ్ళు ఇంకొంచెం మండాయి. సుశీల టీచర్ గుర్తొచ్చింది. నాలుగో తరగతిలో ఒక పిల్ల లేచి "మా ఇంట్ల గురువారం ఊదు ఏస్తరు టీచర్" అంటే, ఇంకేమీ అడగకుండా "ఏ అర్రకెల్లి మొదలువెడ్తరు బిడ్డా?" అని అడిగిన మనిషి ఆవిడ.

ఇంజనీరింగ్ అయిపోయి, ఉద్యోగం కోసం చూస్తున్న రోజుల్లో నేను అక్కడి ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పాను. రాజేంద్రనగర్ నుంచి బస్సులో వచ్చేవాణ్ణి. ఆ స్కూల్లో వారానికొక పీరియడ్ మతాల పరిచయం ఉండేది. అది సుశీల టీచర్‌ది. యాభై దాటిన ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. నాలుగో తరగతి పై అంతస్తులో ఉండేది. వచ్చే ఏడాది నుంచి ఆ పీరియడ్ నన్ను తీసుకొమ్మనీ, ఈ ఏడాది కూర్చుని చూడమనీ స్కూలు యజమాని చెప్పాడు. మొదటి రోజు వెనక గోడకు ఆనుకుని నిలబడితే ఆవిడ ఒప్పుకోలేదు. "పోలీసోని లెక్క ఏంది సార్ గట్ల? పిలగాళ్ళ నడుమ కూసో."

ఆ తరగతిలో చుట్టుపక్కల ఊళ్ళ రైతుల పిల్లలు, పహాడీ షరీఫ్ దర్గా వైపు నుంచి ఆటోల్లో వచ్చే పిల్లలు, కొత్త అపార్ట్‌మెంట్లలో దిగిన మా కోస్తా వాళ్ళ పిల్లలు, ఒక పాస్టరు గారి కవలలు ఉండేవారు. ఆవిడకు ఒకటే పద్ధతి. ఏ ఇంటి సంగతి ఆ ఇంటి పిల్లే చెప్పాలి. విన్నవాళ్ళు 'ఎట్లా' అని అడగొచ్చు, 'ఎందుకు' అని అడగకూడదు. బడిలో 'ఎందుకు' అనే మాటను నిషేధించడం నాకు మింగుడుపడలేదు. ఒకరోజు అదే అన్నాను.

"ఎందుకు అంటే పిలగాడు అమ్మ దిక్కు చూస్తడు. అమ్మ ఈడ లేదాయె. ఎట్ల అని అడుగు, చేతులు ఊపుకుంట చెప్తడు," అంది.

నా అలవాటు ప్రకారం నేను ఒక పట్టిక తయారుచేశాను. అడ్డంగా మతాలు. నిలువుగా దేవుడు, గ్రంథం, ప్రార్థనా స్థలం, పండుగలు. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని దాన్ని శ్రద్ధగానే చూసింది. "మంచిగ గీసినవ్. శ్రావణిని ఏ గడిల కూసోవెడ్తవ్?"

శ్రావణి రైతుల పిల్ల. వాళ్ళమ్మ పోచమ్మకు బోనం ఎత్తుతుంది. వాళ్ళ నాన్న పీర్ల పండుగకు పీరు ఎత్తుతాడు. మొహర్రం రోజుల్లో కర్ర చివర పంజా గుర్తుండే పీరుకు రంగు గుడ్డలు కట్టి ఊరంతా తిప్పడం, రొట్టె, బెల్లం కలిపి దంచిన మలీద పెట్టడం ఆ పిల్ల చెబితేనే నాకు తెలిసింది. పీరు ఎత్తుకుని నాన్న ఎలా ఊగుతాడో కూడా బెంచీ ఎక్కి చూపించింది. క్లాసంతా పడిపడి నవ్వితే తనూ నవ్వింది.

"ఇంకో గడి గీస్తాను టీచర్," అన్నాను.

"గీయి. రేపు ఇంకో పిల్ల వస్తది. కాగితం సరిపోవద్దా?"

గొడవ మలీద దగ్గరే వచ్చింది. కార్తీక్ అనే పిల్లాడి తండ్రి ఆఫీసు గదికి వచ్చాడు. మా వైపు మనిషే, మర్యాదస్థుడు. "తప్పుగా అనుకోకండి మేడం. మావాడు మలీద చేయమని వాళ్ళమ్మ ప్రాణం తీస్తున్నాడండీ. చేశాక పీర్ల దగ్గరికి తీసుకెళ్ళాలట. ఇక్కడ ఏం చెబుతున్నారా అని..."

"తింటే ఏమైతది సార్? బెల్లమే గదా," అంది టీచర్.

యజమాని కంగారుపడ్డాడు. "టీచర్, జర ఆగు. సార్, మీరే ఒక క్లాసు కూసోని చూడుండ్రి. బాగలేదంటే బంద్ పెడ్దాం."

ఆ శుక్రవారం కార్తీక్ నాన్న, యజమాని వెనక బెంచీలో కూర్చున్నారు. పీరియడ్ ఉంటుందా పోతుందా అన్నదే నా బెంగ. టీచర్ ఎప్పటిలాగే మొదట తన ఇంటి సంగతి చెప్పింది. తర్వాత పండుగ ముందు రోజు ఇంట్లో ఏం పని ఉంటుందని అడిగింది. ఇమ్రాన్ అనే పిల్లాడు "ఇల్లు కడుగుతం" అని కూర్చున్నాడు. మామూలుగా అయితే కడిగేటప్పుడు ఎవరు జారిపడ్డారో, ఎవరు తిట్టారో కూడా చెప్పేవాడు. శ్రావణి లేచింది. ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. కార్తీక్ నాన్న ఆ పిల్లను చూసి నవ్వాడు, మంచిగానే.

"మేం దీపావళి చేస్తం టీచర్."

"ఇంకా?"

"గంతే టీచర్."

"మరి మీ బాపు..." అని మొదలుపెట్టి, టీచర్ ఆగిపోయింది. "కూసో బిడ్డా."

క్లాసు అయ్యాక ఆయన చేతులు జోడించాడు. "చాలా బాగుందండీ. నేనే అనవసరంగా కంగారుపడ్డాను." యజమాని సంబరపడ్డాడు. "ఇగ పరేషాన్ లేదు టీచర్, నడిపించుండ్రి."

మెట్ల మీద రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతూ ఆవిడ అంది, "పాసైనం సార్."

"మంచిదే కదా టీచర్. ఆయన ఒక్క మాట కూడా అనలేదు."

"అంటే కొట్లాడుదును. అననే లేదాయె." కాసేపు మోకాలు పట్టుకుని నిలబడింది. "ఎవరు అడగకముందే ఆ పిల్ల వాళ్ళ బాపును దాచిపెట్టింది. గా దాచుడు నా క్లాసుల నేర్చుకున్నది."

తర్వాతి వారాల్లో ఆవిడ ఎంతో ప్రయత్నించింది. వెనక బెంచీ ఖాళీగానే ఉన్నా పిల్లలు అటు చూసి మాట్లాడేవారు. పుస్తకంలో జవాబుల్లా తప్పుల్లేని జవాబులు చెప్పేవారు. ఎవరూ బెంచీ ఎక్కలేదు. వార్షిక పరీక్షల తర్వాత ఆవిడ స్కూలు మానేసింది. అందరూ మోకాళ్ళ వల్లే అనుకున్నారు. వెళ్ళేముందు నాతో, "నాతోని ఇగ కాదు బిడ్డా. నువ్వు జూస్కో," అంది. తర్వాతి ఏడాది కొన్ని నెలలు ఆ పీరియడ్ నేనే తీసుకున్నాను. అది కోలుకోలేదు. ఈలోగా ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు విమానాశ్రయంలో సామాన్లు మోసే బెల్టుల మరమ్మతు చూసే జట్టుకు నేను ఇన్‌చార్జిని. బెల్టు ఆగితే దీపం వెలుగుతుంది, ఎక్కడ ఆగిందో తెర మీద కనిపిస్తుంది. భోజనాల గదిలోకి నేను అడుగుపెట్టగానే జట్టువాళ్ళ మాట ఆగితే ఏదీ వెలగదు. కానీ నాకు వినబడుతుంది. ఆయన ఒక్క మాట కూడా అనలేదని ఆ రోజు మెట్ల మీద అన్నట్టు, నేనేమీ అనలేదు కదా అని ఇప్పుడు అనుకోలేను. ఎవరు ఏం దాచుకున్నారో నాకు తెలియదు. దాచుకున్నారని మాత్రం తెలుస్తుంది. డబ్బా తెచ్చుకుని వాళ్ళ మధ్య కూర్చుంటాను. మా ఇంట్లో ఏం వండారో చెబుతాను. కొన్ని రోజులు మాట మళ్ళీ మొదలవుతుంది. కొన్ని రోజులు అందరం తలలు వంచుకుని తింటాం.